స్పెషల్ బీఎడ్ ప్రాక్టికల్: ఐఈపీ ఫైలు తొలిరోజు నుంచి వైవా దాకా

స్పెషల్ బీఎడ్‌లో గానీ, స్పెషల్ డీఎడ్‌లో గానీ థియరీ పేపర్లకు భయపడేవాళ్లు తక్కువ. అందరికీ చెమటలు పట్టేది ప్రాక్టికల్ ఫైలు దగ్గరే. ఒక పిల్లవాణ్ణి అప్పగిస్తారు, కొన్ని వారాలు గడువిస్తారు. అంచనా వేసి, లక్ష్యాలు పెట్టి, బోధించి, ఏం మారిందో చూపించమంటారు. దాని పేరు వ్యక్తిగత విద్యా ప్రణాళిక. అందరి నోటా మాత్రం ఐఈపీయే.

సీనియర్ల ఫైలు తెచ్చుకుని పేరూ వయసూ మార్చి దించేయడం అన్నిచోట్లా నడిచే వ్యవహారమే. అది వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, బయటపడటానికి ఒక్క ప్రశ్న చాలు: "బేస్‌లైన్ ఎంత వచ్చింది, ఏ తేదీన తీశారు?" బేస్‌లైన్ అంటే బోధన మొదలుపెట్టకముందు బిడ్డ సొంతంగా ఎంత చేయగలడో ఆ కొలత. బిడ్డ పక్కన కూర్చోనివాళ్లు ఆ అంకె చెప్పలేరు, చెప్పినా దాని మీద వచ్చే రెండో ప్రశ్నకు నిలబడలేరు. రంగు పెన్నులు, పూల అంచులు, ప్లాస్టిక్ కవర్లు ఏవీ ఆ అంకెకు బదులు కావు.

కింద చెప్పిందంతా మేధో వైకల్యం స్పెషలైజేషన్ వాళ్లకు. వినికిడి, దృష్టి లోపాల కోర్సుల్లో అంచనా సాధనాలు వేరు. బేస్‌లైన్, లక్ష్యం రాయడం, రోజువారీ నమోదు మాత్రం వాళ్లకూ ఇవే.

మొదటి వారం: రాయడం కన్నా చూడటం ఎక్కువ

బడి నుంచి అనుమతి పత్రం, తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక సమ్మతి చేతికి వచ్చాకే ఫైలు తెరవండి. సమ్మతి పత్రం తెలుగులోనే రాసి, చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఫైలులో బిడ్డ అసలు పేరు రాయకూడదు, ఫొటో అంటించకూడదు. "విద్యార్థి-క" అని రాసుకుంటే సరిపోతుంది. వైకల్య ధ్రువపత్రం జిరాక్స్ పెట్టమని కాలేజీ అడిగితే పేరు, ఆధార్ నంబరు, వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ) నంబరు నల్ల స్కెచ్‌తో కొట్టేసి, దాన్ని మళ్లీ జిరాక్స్ తీసి పెట్టండి. స్కెచ్ కొట్టిన కాగితాన్ని వెలుతురుకి పెడితే కింద అక్షరాలు కనిపిస్తాయి. రెండోసారి జిరాక్స్ ఎందుకంటే అందుకే.

ఒక రఫ్ నోట్‌బుక్ విడిగా పెట్టుకోండి. రోజూ గీసే గీతలు, టిక్కులు, తేదీలు అందులోనే ఉండాలి. చివర్లో ఆ పేజీలనే ఫైలుకు జతచేయండి. ఫెయిర్ చేయకండి. నూనె మరక పడిన, పెన్సిల్‌తో గీసిన డేటా పేజీని ఎగ్జామినర్ నమ్ముతారు. ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, ఇరవై రోజులవి ఒకేసారి కూర్చుని రాసినట్టున్న పేజీని ఎవరూ నమ్మరు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ప్రాక్టికల్ పడినవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడికి పిల్లలు రోజూ రాకపోవచ్చు. ఫిజియోథెరపీ ఉన్న రోజే తల్లి తీసుకొచ్చే పిల్లలుంటారు. కేస్ ఎంచుకునే ముందు హాజరు పట్టీ చూడండి. వారానికి కనీసం నాలుగు రోజులు వచ్చే బిడ్డను తీసుకోకపోతే మీ డేటా సగంలో తెగిపోతుంది.

తల్లిని అడిగే తీరు

కేస్ హిస్టరీ ఫార్మాట్లో గర్భం, కాన్పు, పుట్టిన తర్వాత, ఎదుగుదల మైలురాళ్లు అంటూ గళ్లుంటాయి. గళ్లు ఒక్కొక్కటే చదువుతూ అడిగితే "అన్నీ బాగానే ఉన్నాయమ్మా" అనే జవాబే వస్తుంది. తల్లి మాటల్లో అడగండి: పుట్టగానే ఏడ్చాడా, నీలంగా మారాడా, గాజు పెట్టెలో పెట్టారా, కామెర్లొచ్చాయా, జ్వరంతో ఫిట్స్ వచ్చాయా. "ఏ నెలలో నడిచాడు?" అంటే చాలామందికి గుర్తుండదు. "సంక్రాంతికి నడుస్తున్నాడా, లేక ఉగాదికా?" అంటే టక్కున చెబుతారు. పుట్టిన నెల నుంచి ఆ పండగ దాకా మీరు లెక్కకట్టుకోవచ్చు. మెడ నిలపడం మూడు నాలుగు నెలలకు, బోర్లా పడటం నాలుగు నుంచి ఆరు నెలలకు, ఊతం లేకుండా కూర్చోవడం ఆరు నుంచి ఎనిమిది నెలలకు, నడక ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు మామూలుగా వస్తాయి. వాటి పక్కన ఈ బిడ్డ నెలలు రాయండి.

మేనరికం సంగతి అడగాలి గానీ తప్పు పట్టినట్టు అడగకూడదు. "మీదీ వాళ్లదీ ముందునుంచీ చుట్టరికమేనా?" అంటే చాలు. అత్తగారు పక్కనుంటే ఈ ప్రశ్న మరో రోజుకు వాయిదా వేయండి. ఫిట్స్ మందులు వాడుతుంటే మందు పేరు, వేళ తప్పక రాసుకోవాలి. కొన్ని ఫిట్స్ మందులు వేసుకున్నాక పిల్లలు మగతగా ఉంటారు. ఆ వేళలో అంచనా వేస్తే వచ్చిన పనులు కూడా రానట్టు కనిపిస్తాయి.

ఐక్యూ దగ్గర ఎక్కువమంది చేసే తప్పు ఇది: ధ్రువపత్రంలో 75 శాతం అని ఉంటే ఫైలులో "ఐక్యూ 75" అని రాసేస్తారు. అది వైకల్య శాతం. మేధో వైకల్యంలో 75 శాతమంటే మధ్యస్థ స్థాయి, 50 అంటే స్వల్పం, 90 అంటే తీవ్రం. ఐక్యూ పరీక్ష సైకాలజిస్టు పని, మీది కాదు. రిపోర్టు ఉంటే అందులోని అంకె, పరీక్ష పేరు, తేదీ యథాతథంగా ఎక్కించండి. లేకపోతే "రిపోర్టు లేదు" అని రాయండి. ఊహించి రాయకండి.

వయసు లెక్క

చిన్న విషయమే అయినా మార్కులు ఇక్కడే జారిపోతాయి. అంచనా తేదీలోంచి పుట్టిన తేదీ తీసేయాలి. రోజులు చాలకపోతే ఒక నెలను 30 రోజులుగా, నెలలు చాలకపోతే ఒక ఏడాదిని 12 నెలలుగా అరువు తెచ్చుకోవాలి. అంచనా 2025 ఆగస్టు 12న, పుట్టింది 2016 నవంబర్ 20న అనుకోండి. 12లోంచి 20 పోదు కాబట్టి నెల అరువు తెస్తే 42 తీసివేత 20, అంటే 22 రోజులు. నెలలు 7 మిగిలాయి, అందులోంచి 11 పోదు కాబట్టి ఏడాది అరువు తెస్తే 19 తీసివేత 11, అంటే 8 నెలలు. ఏళ్లు 2024 తీసివేత 2016, అంటే 8. మొత్తం 8 ఏళ్ల 8 నెలల 22 రోజులు. బడి రికార్డులో పుట్టిన తేదీ జనవరి 1 అనో జూన్ 1 అనో ఉంటే అనుమానించండి. బడిలో చేర్చేటప్పుడు ఉజ్జాయింపుగా రాయించిన తేదీ కావచ్చు. జనన ధ్రువపత్రంతోనో, టీకాల కార్డుతోనో సరిచూడండి.

ఏ చెక్‌లిస్టు తీసుకోవాలి

మన దగ్గర ఎక్కువగా వాడేవి మూడు. మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్, అంటే ఎండీపీఎస్, 18 విభాగాల్లో విభాగానికి 20 చొప్పున 360 అంశాలది. చేయగలిగితే ఎ, చేయలేకపోతే బి. నడక, తిండి, స్నానం మొదలు ఇంటి పనుల దాకా మొత్తం మనిషిని ఒక్క చూపులో చూడటానికి ఇది బాగుంటుంది. కానీ "కొంచెం సాయంతో చేస్తాడు" అన్న సంగతికి అందులో గడి లేదు. చిన్న మార్పు అందులో కనబడదు. ఆరు వారాల ప్రాక్టికల్ ముందూ వెనకా కొలవడానికి ఇదొక్కటే నమ్ముకుంటే రెండుసార్లూ బి-నే వస్తుంది.

బేసిక్-ఎంఆర్, ఎఫ్ఏసీపీ (ఫంక్షనల్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్ ఫర్ ప్రోగ్రామింగ్) రెండూ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైనవి. 1984లో పెట్టినప్పుడు దాని పేరు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు నీపిడ్. బేసిక్-ఎంఆర్ మొదటి భాగంలో 7 విభాగాలు, విభాగానికి 40, మొత్తం 280 అంశాలు. స్వతంత్రంగా చేస్తే 5, చిన్న సూచనతో చేస్తే 4, మాటతో చెబితే 3, చెయ్యి పట్టి చేయిస్తే 2, పూర్తిగా ఆధారపడితే 1, వర్తించకపోతే 0. గరిష్ఠం 1400. రెండో భాగం ప్రవర్తన సమస్యలది: 75 అంశాలు, ఎన్నడూ లేకపోతే 0, అప్పుడప్పుడు అయితే 1, తరచూ అయితే 2. సాధనం పేర్లో ఎంఆర్ (మెంటల్ రిటార్డేషన్) అన్న పాత మాట ఉండిపోయింది గానీ, మీ రాతలో "మేధో వైకల్యం" అనే రాయండి.

ఎఫ్ఏసీపీ పిల్లల్ని ప్రీ-ప్రైమరీ నుంచి ప్రీ-వొకేషనల్ దాకా, కేర్ గ్రూపుతో కలిపి ఏడు స్థాయిల్లో చూస్తుంది. ఆ స్థాయి అంశాల్లో 80 శాతం సాధిస్తే పై స్థాయికి. ప్రత్యేక పాఠశాలలో ప్రాక్టికల్ అయితే ఇదే తీసుకోండి. తరగతి ప్రణాళిక అప్పటికే దాని మీద నడుస్తుంటే మీ ఐఈపీ టీచరుకూ పనికొస్తుంది.

చెక్‌లిస్టు నింపడంలో పెద్ద తప్పు, తల్లినో టీచరునో అడిగి అంతా నింపేయడం. తల్లి చెప్పింది తీసుకోవచ్చు, కానీ కనీసం లక్ష్యాలు పెట్టుకోబోయే అంశాలన్నీ మీ కళ్లతో చూడాలి. "చేయి కడుక్కుంటాడు" అని తల్లి అంటుంది. తీరా చూస్తే కుళాయి తల్లే తిప్పుతుంది, సబ్బు తల్లే అరచేతిలో పెడుతుంది. దానికి 5 ఎలా వేస్తారు? ఉల్టా కూడా జరుగుతుంది. ఇంట్లో ఎవరూ చేయనివ్వరు కాబట్టి "రాదు" అంటారు. బడిలో ప్లేటు ముందు పెడితే తనే కడిగేస్తాడు. అవకాశమే దొరకని పనిని "రాని పని"గా రాయకూడదు.

లక్ష్యాల ఎంపిక

అంచనా అయ్యేసరికి రానివి వందకు పైగా తేలతాయి. ప్రాక్టికల్‌కు మూడు చాలు: ఒకటి సొంత పనుల్లోంచి, ఒకటి చదువో లెక్కో, ఒకటి భాష లేదా ప్రవర్తన. ఎంచుకునేటప్పుడు అడగాల్సింది సూటిగా ఇది: ఈ పని ఈ బిడ్డకు రోజూ అవసరమా? తను చేయకపోతే వేరొకరు చేయాలా? ఇవి రెండూ "అవును" అయితే అది పైకి వస్తుంది. రోడ్డు మీద, గ్యాస్ పొయ్యి దగ్గర ప్రాణానికి సంబంధించినవి అన్నిటికన్నా పైన.

ఇక్కడే ఇంటివాళ్లతో పేచీ వస్తుంది. పన్నెండేళ్ల పిల్లాడు చొక్కా వేసుకోలేడు, తల్లి మాత్రం "అఆఇఈలు నేర్పండి మేడమ్" అంటుంది. కాదనొద్దు, అలాగని తలూపి ఊరుకోవద్దు. ఆమె అడిగిన చదువును పనికొచ్చే రూపంలోకి మార్చండి: తన పేరు, నాన్న పేరు గుర్తుపట్టడం, బస్సు బోర్డు మీద ఊరి పేరు, మరుగుదొడ్ల దగ్గర "పురుషులు" అన్న మాట. ఇదీ చదువే. తల్లి ఒప్పుకున్నట్టు ఐఈపీ మొదటి పేజీలో ఆమె సంతకం ఉండాలి. ఆ సంతకం లేని ఐఈపీ మీరు ఒక్కరే రాసుకున్న కాగితం.

రాసే వాక్యం సంగతి. "డబ్బుల గురించి అవగాహన కలుగుతుంది" అని రాస్తే కొలవలేం. ఏ పరిస్థితిలో, ఏం చేస్తాడు, ఎంత మేరకు, ఎప్పటికల్లా అన్న నాలుగూ వాక్యంలో పడాలి: "5, 10, 20 రూపాయల నాణేలు కలిపి 10 నాణేలు ముందు పోసి 'పది రూపాయల బిళ్ల ఇవ్వు' అని అడిగినప్పుడు, సాయం లేకుండా, 5 సార్లకు 4 సార్లు, వరసగా 3 రోజులు సరైన నాణెం ఇస్తాడు. గడువు సెప్టెంబర్ 30." తెలుసుకుంటాడు, అర్థం చేసుకుంటాడు, అభినందిస్తాడు లాంటి క్రియలు మామూలు బీఎడ్ లెసన్ ప్లాన్ల నుంచి అలవాటుగా వచ్చేస్తాయి. ఇక్కడ తీసుకుని ఇస్తాడు, చూపిస్తాడు, పెడతాడు, చెబుతాడు అని కంటికి కనిపించే క్రియలే రాయాలి.

80 శాతం అన్నది శాసనం కాదు. నాణేలకు 80 సరిపోతుంది. రోడ్డు దాటడానికి 80 పెడితే అయిదుసార్లలో ఒకసారి బండి కింద పడొచ్చని మీరే రాసిచ్చినట్టు. అక్కడ నూటికి నూరే.

గుండీ పెట్టుకోవడం: ఒక్క లక్ష్యం దగ్గర్నుంచి

దీన్ని కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే ఫైలులో టాస్క్ ఎనాలిసిస్, అంటే పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టే భాగం బాగా రాసినవాళ్లు చాలా తక్కువ. ముందు బట్టలు చూడండి. ఆడపిల్ల వేసుకునేది వెనక జిప్పున్న గౌనో, పంజాబీ డ్రెస్సో అయితే ఈ లక్ష్యమే అక్కర్లేదు. యూనిఫాం చొక్కా అయితే మగపిల్లల చొక్కాకి గుండీలు కుడి పట్టీ మీద, కాజాలు ఎడమ పట్టీ మీద ఉంటాయి. ఆడపిల్లల చొక్కాకి అటూ ఇటూ మారొచ్చు. మీ మెట్లలో కుడి ఎడమలు దాన్ని బట్టే రాయాలి. కుడిచేతి వాటం ఉన్న మగపిల్లవాడి చొక్కాకి:

1. కింది గుండీ, దాని కాజా ఎదురెదురు వచ్చేలా రెండు పట్టీలు దగ్గరకు తేవడం
2. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలితో గుండీ అంచు పట్టుకోవడం
3. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలితో కాజా పక్కన పట్టీ పట్టుకోవడం
4. గుండీ అంచును కాజా చీలికకు కింది వైపు నుంచి ఆనించడం
5. గుండీని సగం దాకా బయటికి తోయడం
6. బయటపడిన సగాన్ని ఎడమ చేతి వేళ్లతో పట్టుకోవడం
7. పూర్తిగా బయటికి లాగడం

ఈ మెట్లు పుస్తకంలోంచి ఎత్తి రాయకండి. చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, మీ వేళ్లు ఏం చేస్తున్నాయో నెమ్మదిగా చూసి రాయండి. ఆరో మెట్టు చాలామంది ఫైళ్లలో ఉండదు, పిల్లలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. గుండీ సగం బయటికొచ్చాక చెయ్యి మారాలి. చెయ్యి మారేలోపు అది వెనక్కి జారిపోతుంది.

కింది గుండీతో మొదలుపెట్టాలి, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. మెడ దగ్గరిది కళ్లకు ఆనదు, చివరికి వదిలేయండి.

బేస్‌లైన్ మూడు రోజులు తీయాలి. "గుండీ పెట్టుకో" అని ఒక్కసారే చెప్పి, అయిదు సెకన్లు ఆగాలి. రాని మెట్టు దగ్గర ఆపేస్తే ఒక పద్ధతి. ఆ మెట్టు మీరు చేసిపెట్టి తర్వాతి మెట్టు చేయనిస్తే మరో పద్ధతి. రెండో దాంట్లో మార్కులు ఎక్కువే వస్తాయి, కాబట్టి ఏ పద్ధతో ఫైలులో రాయాలి, చివరి పరీక్ష కూడా అదే పద్ధతిలో పెట్టాలి. మొదట్లో ఒకటి, చివర్లో ఇంకోటి వాడితే పెరిగింది బిడ్డో, పద్ధతో తేలదు. బేస్‌లైన్ రోజుల్లో శభాష్‌లు, దిద్దుబాట్లు రెండూ ఉండకూడదు. మొదటిరోజు 2, రెండోరోజు 2, మూడోరోజు 3 మెట్లు సొంతంగా చేశాడనుకోండి. 21 మెట్లకు 7, అంటే 33 శాతం. వైవాలో అడిగే అంకె ఇదే.

బోధించేటప్పుడు ఇలాంటి పనికి వెనక నుంచి రావడం మేలు. ఒకటి నుంచి ఆరు దాకా మీరు చేసి, ఏడో మెట్టు వాణ్ణి చేయనివ్వండి. గుండీ పడిపోతుంది, పని పూర్తయిన తృప్తి వాడిది. రెండు రోజులు వరసగా ఏడో మెట్టు వచ్చేస్తే ఆరు, ఏడు మెట్లు వాడివి. ఇలా వెనక్కి వెళ్లాలి. ముందు నుంచి మొదలుపెడితే మొదటి మెట్టు చేసినా చొక్కా తెరిచే ఉంటుంది, వాడికి ఫలితం కనిపించదు.

చెయ్యి పట్టి చేయించేటప్పుడు మీరు వాడి వెనక నిలబడాలి, ఎదురుగా కాదు. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. సాయం మొదట వేళ్ల మీద, తర్వాత మణికట్టు దగ్గర, ఆ తర్వాత మోచేతి దగ్గర, చివరికి చూపుడువేలితో చూపించడం దాకా తగ్గుతూ పోవాలి. ఇది తగ్గకపోతే బిడ్డ మీ చెయ్యి కోసం ఎదురుచూడటం నేర్చుకుంటాడు, గుండీ కాదు.

టీఎల్ఎంగా, అంటే బోధన సామగ్రిగా, అట్టకు గుడ్డ అంటించి గుండీల బోర్డు చేయడం మామూలే. రెండున్నర సెంటీమీటర్ల కోటు గుండీతో మొదలుపెట్టి, ఒకటిన్నర, ఆపై చొక్కా గుండీ ఒకటింపావు లోపుకి దిగండి. అయితే బల్ల మీద పెట్టిన బోర్డులో గుండీలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. బోర్డు మీద నూటికి నూరు వచ్చిన పిల్లాడు సొంత చొక్కా దగ్గర తడబడటానికి కారణం అదే. బోర్డును వాడి ఛాతీకి కట్టండి, లేదా పెద్ద సైజు పాత చొక్కాను యూనిఫాం మీద తొడిగి దాని మీదే నేర్పండి. కొత్త చొక్కా కాజాలు బిగువుగా ఉంటాయి. నాలుగు ఉతుకులు పడ్డ చొక్కా అడగండి.

ఇక బహుమతి. పనైన వెంటనే ఇవ్వాలి, "సాయంత్రం ఇస్తా" అంటే దానికీ గుండీకీ సంబంధం వాడికి తెలియదు. తినేదైతే నాలుగు మరమరాలో, చిటికెడు వేరుశనగ పట్టీ ముక్కో చాలు. మొత్తం చాక్లెట్ ఇస్తే నమలడానికే రెండు నిమిషాలు పోతుంది, మూడోసారికి మొహం మొత్తుతుంది. ఎలర్జీ, మింగడంలో ఇబ్బంది తల్లినడిగి తెలుసుకోకుండా తిండి ఇవ్వకండి. ఏది ఇష్టమో కూడా ఊహించొద్దు. రెండేసి వస్తువులు ముందు పెట్టి, ఏది ముందు అందుకుంటాడో అయిదారుసార్లు చూస్తే తేలిపోతుంది.

డేటా, గ్రాఫు

ప్రతి మెట్టుకీ ఒక గడి, ప్రతి ప్రయత్నానికీ ఒక నిలువు వరస. సొంతంగా చేస్తే +, సైగ అయితే సై, మాట అయితే మా, చెయ్యి పట్టితే చె. ఒక పూటకు అయిదు ప్రయత్నాలు, పదిహేను నిమిషాలు మించొద్దు. పక్కనే రాసుకోవాలి. మధ్యాహ్న భోజనం అయ్యాక గుర్తు చేసుకుని రాస్తే అన్నీ మీకు కావలసినట్టే గుర్తొస్తాయి.

గ్రాఫులో అడ్డంగా రోజులు, నిలువుగా సొంతంగా చేసిన శాతం. బేస్‌లైన్‌కీ బోధనకీ మధ్య ఒక చుక్కల గీత నిలువుగా గీయండి, ఆ గీత దాటి రెండు భాగాల చుక్కల్ని కలపకండి. బిడ్డ రాని రోజు సున్నా పెట్టకూడదు, ఖాళీ వదలాలి. గ్రాఫు రోజురోజుకీ మెట్లెక్కినట్టు పెరుగుతూనే ఉంటే ఎగ్జామినర్‌కు అనుమానం వస్తుంది, రావాలి కూడా. జలుబు చేసిన రోజు, దసరా సెలవుల తర్వాతి సోమవారం గీత కిందికి దిగుతుంది. ఎందుకు దిగిందో కింద ఒక్క ముక్క రాయండి.

ప్రవర్తన లక్ష్యం

"మొండివాడు", "కోపిష్టి", "అల్లరి ఎక్కువ" అన్నవి ప్రవర్తనలు కావు, మన అభిప్రాయాలు. "అరచేత్తో బల్లను కొడతాడు" అన్నది ప్రవర్తన. ముందేం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది అని మూడు నిలువు వరసల్లో కనీసం పది సంఘటనలు రాసుకోండి. పది పడ్డాక చదివితే తీరు బయటపడుతుంది. లెక్కల షీటు పెట్టినప్పుడల్లా కొట్టి, కొట్టగానే షీటు తీసేస్తుంటే, పని తప్పించుకోవడానికి కొడుతున్నాడన్నమాట. వాణ్ణి బయటికి పంపడం శిక్ష కాదు, వాడికి కావలసిందే అది. అక్కడ చేయాల్సింది షీటులో లెక్కలు పది నుంచి మూడుకు తగ్గించడం, "ఆపు" అన్న కార్డు చేతికిచ్చి దాన్ని చూపిస్తే రెండు నిమిషాలు విరామం ఇవ్వడం. మీ దృష్టి కోసం కొడుతుంటే మందు వేరు: కొట్టినప్పుడు పట్టించుకోకపోవడం, కొట్టని ప్రతి రెండు నిమిషాలకీ పలకరించడం. పట్టించుకోవడం మానేసిన మొదటి రెండు మూడు రోజులు కొట్టుడు పెరగొచ్చు. అది చూసి భయపడి వదిలేస్తే ఇంకా గట్టిగా కొడితేనే పని అవుతుందని మీరే నేర్పినట్టు. తలను గోడకేసి కొట్టుకోవడం, కొరకడం లాంటివైతే మాత్రం ఈ పట్టించుకోకపోవడం పనికిరాదు. సూపర్‌వైజర్ లేకుండా అలాంటి లక్ష్యం ముట్టుకోకండి. చెయ్యి చేసుకోవడం, చీకటి గదిలో పెట్టడం వద్దే వద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది.

గ్రూపు పాఠం

ముగ్గురు పిల్లలు, మూడు స్థాయిలు, ఒకే పాఠం. కూరగాయలు తీసుకుంటే ఒకరు వంకాయ, బెండకాయ, టమాటా పేర్లు విని చూపిస్తారు, ఒకరు గంపల్లోకి విడదీస్తారు, మరొకరు ఇరవై రూపాయలిచ్చి కొంటారు. లెసన్ ప్లాన్‌లో ముగ్గురికీ మూడు లక్ష్యాలు విడివిడిగా రాయాలి. పాఠం ఒకటే కదా అని లక్ష్యం ఒకటే రాసి "ముగ్గురూ నేర్చుకున్నారు" అంటే మార్కులు పోతాయి. థర్మోకోల్ వంకాయల మీద డబ్బు తగలేయకండి. పావుకిలో నిజం కూరగాయలు చాలు. ప్లాస్టిక్ టమాటాను టమాటా అన్న పిల్లవాడు వంటింట్లో టమాటాను గుర్తుపట్టకపోవడం మామూలే.

మామూలు బడిలో ప్రాక్టికల్ అయితే తరగతి టీచర్ పాఠాన్ని ఈ బిడ్డ కోసం ఎలా మార్చారో చూపించాలి: ఒక పేజీకి రెండు ప్రశ్నలు, పెద్దక్షరాలు, రాయడానికి బదులు నోటితో చెప్పడం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సడలింపులు అడుగుతుంది. ఆ సెక్షన్ పేరు చెప్పి ఊరుకోకుండా, ఈ బిడ్డకు వాటిలో ఏది అవసరమో రాయండి.

వైవా, ఆ తర్వాత

వైవాలో ఎగ్జామినర్లు తిప్పి తిప్పి అడిగేవి కొన్నే. ఈ లక్ష్యమే ఎందుకు? ఇంకో చొక్కాతో, ఇంట్లో, నాన్న ముందు చేశాడా? లక్ష్యం చేరకపోతే ఎందుకు చేరలేదు? చేరకపోవడం తప్పు కాదు. 33 నుంచి 57 శాతానికి వచ్చాడు, అయిదో మెట్టు దగ్గర వేళ్లలో పట్టు చాలలేదు, బట్టల క్లిప్పులు నొక్కించే పని మొదలుపెట్టాం అని చెప్పగలిగితే అది మంచి జవాబు. నూటికి నూరు వచ్చిందని చెప్పి, ఎగ్జామినర్ చొక్కా చేతికిస్తే బిడ్డ బిక్కమొహం వేసుకుంటే అక్కడితో సరి. కొందరు ఎగ్జామినర్లు నిజంగానే పిల్లవాణ్ణి పిలిపిస్తారు.

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ గురించి కూడా అడగొచ్చు. 1992 చట్టం ప్రకారం కోర్సు పాసైనంత మాత్రాన చాలదు, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు ఎక్కి సీఆర్ఆర్ నంబరు రావాలి. పాసైన వెంటనే దరఖాస్తు పెట్టుకోండి. ఉద్యోగ ప్రకటన పడ్డాక పరిగెత్తితే గడువు దాటిపోవచ్చు.

ప్రాక్టికల్ ముగిసే రోజు టీచరుకూ తల్లికీ ఒక్కో కాగితం ఇచ్చి రండి. ఫైలు మొత్తం జిరాక్స్ అక్కర్లేదు. గుండీ దగ్గర ఏ మెట్టు దాకా వచ్చాడు, ఏ సాయం ఇంకా కావాలి, ఏ బహుమతికి కదులుతాడు, ఏ మాట వాడుతున్నాం అన్నవి పది లైన్లలో తెలుగులో రాయండి. "గుండీ పెట్టుకో" అని మీరంటుంటే ఇంట్లో "బొత్తాం వేసుకో" అనొచ్చు. ఏదో ఒకటే మాట ఖాయం చేసి కాగితం పైన పెద్దక్షరాలతో రాయండి. తల్లికి చదువు రాకపోతే ఏడు మెట్లనూ ఆమె ఫోన్‌లోనే వీడియో తీసిచ్చి, ఒకసారి ఆమెతోనే బిడ్డకు చేయించి చూసి బయల్దేరండి.